రిక్రూటరుతో పరిచయము
(సాంస్కృతిక సంఘ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



కేంద్ర ప్రభుత్వోద్యోగి యింట పుట్టి పెరిగిన పిల్లలకు చిన్ననాటనే ఒక మాట చెవిని పడియుండును. ఉద్యోగమును పరీక్ష వ్రాసి సంపాదింపవలెనేగాని ఎవరినో పట్టుకొని సంపాదింపరాదు అనునదియే ఆ మాట. తండ్రి యట్లే వచ్చెను. ఏ గుంటూరునుండియో, శ్రీకాకుళమునుండియో, వరంగల్లునుండియో హాల్ టికెట్టు చేతబట్టుకొని పోయి పరీక్ష వ్రాసి, ఫలితముల జాబితాలో తన నంబరు చూచుకొని, పెట్టె పరుపుచుట్టలతో ఢిల్లీ స్టేషనులో దిగెను. ఆయనను ఎన్నిక చేసినవారెవరో ఆయన యెరుగడు. ఆయన యెవరో వారును ఎరుగరు. ఆ యెరుగకపోవుటయే ఆ యెన్నికకు గౌరవము.

అట్టి యింటనే నేడు మరియొక దృశ్యమును ఊహించుకొనవచ్చును. రామకృష్ణపురములో ఒక క్వార్టరు. తండ్రి సెక్షన్ ఆఫీసరు. కుమార్తె ఇంజనీరింగు ముగించి మూడేండ్లుగ గురుగ్రామ్‌లో ఒక కంపెనీలో పనిచేయుచున్నది. సాయంకాలము ఆమెకు ఫోను వచ్చును. బాల్కనీలో నిలుచుండి పావుగంటసేపు తన పని, జీతము, నోటీసు గడువు అన్నియు చెప్పి లోనికి వచ్చును.

"ఎవరమ్మా ఫోనులో?"

"రిక్రూటరు, నాన్నగారూ. బెంగుళూరులో ఏదో ఉద్యోగం ఉందట."

"నీ సంగతి ఆవిడకెలా తెలిసింది? నువ్వేమైనా అడిగావా?"

"లేదండీ. రెండేళ్ళ నుంచి అప్పుడప్పుడు మాట్లాడుతూనే ఉంది."

తండ్రి కాఫీ గ్లాసు క్రిందనుంచి, "ఇది సిఫారసు కాదు కదా?" అనును.

ఆ ప్రశ్నను విని నవ్వరాదు. అందులో ఒక తరము యొక్క నిజాయితీ యున్నది. అయినను ఆ నిజాయితీయే ఒక్కొక్కప్పుడు పిల్లల దారికి అడ్డుపడుచున్నదనుటయు నిజము. సిఫారసు వేరు, వృత్తి పరిచయము వేరు. ఈ భేదము తెలియని యిండ్లలో రెండు విధములైన నష్టములు కలుగుచున్నవి. కొందరు పిల్లలు రిక్రూటరు పిలిచినను పలుకుటకే సంకోచించి మంచి అవకాశములను జారవిడుచుకొనుచున్నారు. మరికొందరు, అవసరము ముంచుకొనివచ్చిన దినమున, ఉద్యోగ మిప్పింతునన్న వాడెల్ల మహోపకారి యని నమ్మి, తండ్రి ప్రావిడెంటు ఫండునుండి తీసిన సొమ్మును వాని చేతిలో పోయుచున్నారు. మొదటి నష్టము కొంతకాలమునకు పూడును. రెండవది ఇల్లు గుల్ల చేయును.

సిఫారసుపై ప్రభుత్వోద్యోగికి గల యేవగింపు ఊరక పుట్టినది కాదు. నూరేండ్లకు పూర్వము తెలుగు పల్లెలలో రిక్రూటరు అను పేరు వినబడలేదు; వినబడినది మేస్త్రీ పేరు. గోదావరి, విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి కాకినాడ, విశాఖ రేవులలో ఓడలెక్కి బర్మాకు పోయిన వేలకొలది కూలీలను ప్రోగుచేసినవాడు మేస్త్రీయే. వాడు పల్లెకు వచ్చి బయానా ఇచ్చును. ఓడఛార్జీ తానే పెట్టుకొనును. రంగూనులో వరి మిల్లులలోనో, రేవులోనో పని చూపును. అటుపిమ్మట ఆ కూలి వాని గుప్పిటిలోనివాడే. జీతము వాని చేతిమీదుగ రావలెను. బయానా బాకీ దానిలోనుండి పోవలెను. మిగిలినదేదో మిగులును, లేనిచో లేదు. కోరంగి రేవు పేరునుబట్టి బర్మాలో తెలుగువారిని కోరంగీలని పిలిచెడివారు. ఆ పేరులోని చులకన అక్కడ బ్రతికి వచ్చిన కుటుంబములకు తెలియును. మలయాలోను సింహళములోను ఇట్టివాడే కంగాణి. బొంబాయి మిల్లులలో జాబరు, కలకత్తా జనపనార మిల్లులలో సర్దారు. పని యిచ్చు అధికారమును, లంచమును ఒక్క చేతిలోనే యుండెను. 1929లో నియమింపబడి 1931లో నివేదిక సమర్పించిన రాయల్ లేబర్ కమిషను ఈ లంచగొండితనమును గుర్తించి, పనిలో చేర్చుకొను అధికారమును జాబర్ల చేతినుండి తీసివేసి, లేబరు ఆఫీసర్లను నియమింపవలెనని సిఫారసు చేసినది. సిఫారసును తొలగింపుమని చేసిన సిఫారసు అది యొక్కటే కావచ్చును!

ప్రభుత్వోద్యోగములలో ఈ రోగమునకు మందు వేరొకటి దొరకినది. ఇంగ్లండులో 1854 నాటి నార్త్‌కోట్, ట్రెవెలియన్ నివేదిక ఉద్యోగములను దయాదాక్షిణ్యములనుండి తప్పించి పోటీ పరీక్షకు అప్పగింపవలెనని చెప్పినది. ఈ దేశమున 1926 అక్టోబరు 1వ తేదీన పబ్లిక్ సర్వీస్ కమిషను ఏర్పడినది. రాజ్యాంగము వచ్చినపిమ్మట 315వ అధికరణము మొదలుకొని యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషనునకు రాజ్యాంగ ప్రతిపత్తి లభించినది. క్రింది పోస్టులకై 1975లో సబార్డినేట్ సర్వీసెస్ కమిషను వచ్చి, 1977లో స్టాఫ్ సెలక్షన్ కమిషనుగ పేరు మార్చుకొన్నది. తుదకు 2016 జనవరి 1వ తేదీనుండి కేంద్రప్రభుత్వములో గ్రూప్ సి ఉద్యోగములకును, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి ఉద్యోగములకును ఇంటర్వ్యూను కూడ తీసివేసిరి. ఎన్నుకొనువానికిని, ఎన్నుకొనబడువానికిని నడుమ గోడ కట్టుట, కట్టిన గోడను ఎత్తు చేయుట, ఇదియే ఈ మొత్తము కథ. ఆ గోడ చాటున పెరిగినవారికి రిక్రూటరుతో స్నేహముగ మాటలాడుట తప్పుగ తోచుటలో వింత లేదు.

ప్రైవేటు రంగమున ఆ గోడ లేదు. ఉండుటకు వీలును లేదు. ప్రభుత్వమునకు ఒక్కసారి వేలకొలది పోస్టులు నింపవలసియుండును. ఒక్క సిలబసు పెట్టి పరీక్ష జరిపినచో పని నెరవేరును. విశాఖ సమీపమున నున్న ఒక మందుల కర్మాగారమునకు కావలసిన దేమి? ఔషధముల నాణ్యతా పరీక్షలలో ఎనిమిదేండ్ల అనుభవము గలిగి, అమెరికా తనిఖీ అధికారులు వచ్చి కూర్చుండి ప్రశ్నించినప్పుడు తడబడక కాగితములు చూపగలిగి, రెండు నెలలలో చేరగల ఒక్క మనిషి. అట్టివానికి సిలబసు లేదు. అట్టివాడు పనికై వెదకుచును ఉండడు. ఎచ్చటనో పనిచేసికొనుచునే యుండును. వానిని వెదకి, మాటలాడి, ఒప్పించి తెచ్చుటకే రిక్రూటరు.

ఆ రిక్రూటరుకు సొమ్ము ఇచ్చువారెవరు? ఈ ఒక్క విషయము తెలిసినచో మిగిలినదంతయు తేటపడును. కంపెనీలోనే జీతమునకున్న రిక్రూటర్లు కొందరు. కంపెనీ బయట కన్సల్టెన్సీలు నడుపువారు కొందరు. వీరికి అభ్యర్థి చేరిన తరువాతనే ఫీజు. ఆ ఫీజు అభ్యర్థి సాంవత్సరిక జీతములో ఇంత శాతమని కంపెనీ చెల్లించును. ఈ దేశమున తరచుగ వినవచ్చు అంకె 8.33, అది పండ్రెండవ వంతు, అనగా ఒక నెల జీతమని లెక్కల శాఖవారు వెంటనే గుర్తింతురు. చేరినవాడు మూడు నెలలో మరియే గడువులోనో విడిచిపోయినచో కన్సల్టెన్సీ మరియొకని ఉచితముగ చూపవలెను, లేదా సొమ్ము తిరిగి ఈయవలెను. పెద్ద పదవులకు మనుష్యులను వెదకు సంస్థలు వేరు. అవి పని మొదలుపెట్టిననాటినుండియే వాయిదాలలో ఫీజు పుచ్చుకొనును. మొదటి సంవత్సరపు జీతములో మూడవవంతు వారి వాడుక. ఇవిగాక, మనిషిని తమ పట్టీలోనే చేర్చుకొని పనికి మాత్రము మరియొక కంపెనీకి పంపు సంస్థలును కలవు. అచ్చట నియామకపత్రముపై ఎవరి పేరున్నది, ప్రావిడెంటు ఫండు ఎవరు కట్టుదురు అని మొదటనే అడుగవలెను.

ఇన్ని విధములలోను సొమ్ము కంపెనీదే. కావున రిక్రూటరు అభ్యర్థి తరపు వకీలు కాడు. చుట్టమును కాడు. అట్లని శత్రువును కాడు. అభ్యర్థి మాటను కంపెనీకిని, కంపెనీ మాటను అభ్యర్థికిని చేరవేయువాడు. ఆ మాట నిలిచిననే ఆయన పొట్ట నిండును. నిలువని మాటయే ఆయనకు భయము. ఈ సంబంధమునకు పునాది అంతయు ఇదియే. పొగడ్తలును, పండుగ శుభాకాంక్షలును దీనికి సాటిరావు.

దీనికి నోటీసు గడువు సంగతి మంచి ఉదాహరణము. సాఫ్ట్‌వేరు కంపెనీలలో ఈ గడువు మూడు నెలల వరకు కలదు. ఒక యువకునకు ఉద్యోగము ఖాయమై, ఆఫర్ లెటరు చేతికందినది. కంపెనీ మూడు నెలలు కాచుకొని యున్నది. ఈలోగ అతడు ఆ లెటరును చూపి మరియొకచోట హెచ్చు జీతము సంపాదించి, చేరవలసిన దినమున ఫోను కట్టివేసి కూర్చుండును. చట్టము దృష్టిలో ఇది పెద్ద నేరము కాకపోవచ్చును. కాని ఆ దినమున రిక్రూటరు ఫీజు పోయినది, కంపెనీ యెదుట ఆయన మాట పోయినది. ఆ యువకుని పేరు ఎదుట పడిన గీత చాలకాలము చెరుగదు. నియామకముల రంగము పైకి విశాలముగ కనబడును గాని ఒక్కొక్క వృత్తిలో అది ఒక వీధి యంతయే. ఈ కంపెనీలో నున్న రిక్రూటరు రెండేండ్లలో మరియొక కంపెనీకి పోవును. జ్ఞాపకమును వెంటబెట్టుకొని పోవును.

అదే యువకుడు రెండవ అవకాశము వచ్చిన దినముననే ఫోను చేసి, "సార్, ఇట్లు వచ్చినది, కారణమిది, నా నిర్ణయమును శుక్రవారమునకు చెప్పగలను" అనియుండినచో ఆ రిక్రూటరు చిరాకుపడియుండవచ్చును. అయినను నమ్మకము పోయి యుండదు. ఒక మంచి నిరాకరణము పది విన్నపముల కన్న మేలు చేయును. వలదనుటకు కారణము చెప్పి, ఆ పనికి తగిన మరియొక మనిషి తెలిసియున్నచో ఆ మనిషి అనుమతితో పేరు చెప్పినవానిని రిక్రూటరు మరువడు.

జీతము, తేదీలు దాచుట యనునది మరియొక బలహీనత. అయిదు లక్షలను ఏడని చెప్పుట, నడుమ ఖాళీగనున్న ఎనిమిది నెలలను రెండు ఉద్యోగములకు పంచిపెట్టుట తెలివియని కొందరు స్నేహితులు బోధింతురు. జీతపు చీటీలు, ఫారం 16 అడుగుదురు. ప్రావిడెంటు ఫండు వారి సార్వత్రిక ఖాతా నంబరు క్రింద ఎవరెవరు ఏయే నెలలకు చందా కట్టినదియు కనబడును. సర్వీసు బుక్కును చూచి పెరిగిన యింటి పిల్లలకు ఈ సంగతి ప్రత్యేకముగ చెప్పనక్కరలేదు. ఖాళీ కాలమును గూర్చి నిజము చెప్పుటయే సులువు: తల్లి జబ్బు, సివిల్ సర్వీసు పరీక్షకై చదువు, ప్రసవము, ఉద్యోగము పోవుట, ఏది జరిగిన నది. ఢిల్లీలోని తెలుగు యిండ్లలో సివిల్స్‌కై మూడు నాలుగేండ్లు వెచ్చించిన పిల్లలు తక్కువ కారు. వారు ఆ కాలమును దాచుటకు చూపు శ్రమలో సగమైన, ఆ చదువువలన అలవడిన వ్రాతను, క్రమమును చూపుటకు వినియోగించిన మేలు.

ఒకే అభ్యర్థి కాగితములు రెండు కన్సల్టెన్సీల ద్వారా ఒకే కంపెనీకి చేరు సంగతి చాలమందికి తెలియదు. ఇద్దరును ఫీజు తమదే యందురు. ఆ తగవులో తలదూర్చుట ఇష్టములేక కంపెనీ ఆ అభ్యర్థినే ప్రక్కకు నెట్టుట కలదు. అభ్యర్థికి కారణము కూడ తెలియదు. కావున "నా కాగితములు ఏ కంపెనీకి పంపుచున్నారు? నన్ను అడుగకుండ మరెవరికిని పంపవలదు" అని ముందే చెప్పి, వ్రాతపూర్వకముగ ఒక పంక్తి పుచ్చుకొనవలెను. ఇంటిలో ఒక నోటుపుస్తకము చాలును: తేదీ, రిక్రూటరు, కంపెనీ, పోస్టు, చెప్పిన జీతము, తరువాత జరుగవలసినది. డైరీ, డిస్పాచి రిజిస్టర్లతో జీవితము గడపిన తండ్రులు పిల్లలకు నేర్పదగిన విద్య యిది. ఆఫీసులో విసుగు పుట్టించిన ఆ రిజిస్టరు ఇంటిలో అక్కరకు వచ్చును.

రిమైండర్ల విషయమున మాత్రము ఆఫీసు అలవాటును ఇంటికి తేరాదు. మొదటి రిమైండరు, రెండవ రిమైండరు, అటుపిమ్మట డి.ఓ. లేఖ అనునది ఇచ్చట చెల్లదు. ఇంటర్వ్యూ జరిగిననాడు రెండు పంక్తుల కృతజ్ఞత, వారు చెప్పిన గడువు దాటిన ఒకటి రెండు దినములకు ఒక విచారణ, అంతే. జవాబు రానిచో అవమానముగ భావింపనక్కరలేదు. పోస్టు రద్దు కావచ్చును, కంపెనీలోని పై అధికారి మారవచ్చును. ఎన్నిక కాలేదని ఒక్క మాట చెప్పు మర్యాదను చాలమంది రిక్రూటర్లు పాటించుట లేదు. ఇది వారి వృత్తికే మచ్చ. దానిని సమర్థింపనక్కరలేదు, సహింపవలసి వచ్చుచున్నది. ఉద్యోగము అక్కరలేని కాలమునందు ఏడాదికి రెండుమారులు నాలుగు పంక్తులు వ్రాయుట మంచి అలవాటు. కొత్తగ ఏ పని నేర్చుకొనినది, ఏ ఊరికి మారినది, ఎట్టి పనికి సుముఖముగ నున్నది అని మాత్రమే. అవసరమునాడే తలుపు తట్టువానికిని, అప్పుడప్పుడు పలుకరించువానికిని గల తేడా పల్లెటూరి చుట్టరికములలో వలెనే ఇచ్చటను ఉన్నది.

తల్లులు అడుగు ప్రశ్న ఒకటి కలదు. రాత్రి షిఫ్టు ఉన్నదా? ఉన్నచో ఇంటివరకు బండి పంపుదురా? రిక్రూటరును నిస్సంకోచముగ అడుగదగిన ప్రశ్న యిది. పెండ్లి యెప్పుడు, పిల్లలెప్పుడు అని అమ్మాయిలను అడుగువారు మాత్రము తమ హద్దు దాటుచున్నారు. "ఆ పనిని చేయగలను, చెప్పిన వేళకు రాగలను" అనుటకు మించిన సమాధానము అక్కరలేదు.

పరిచయముల వలన ఉద్యోగములు దొరకుట ఈ దేశపు జాడ్యమని కొందరి యభిప్రాయము. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అను సామాజిక శాస్త్రజ్ఞుడు బోస్టను ప్రక్కనున్న న్యూటన్ పట్టణములో ఉద్యోగము మారిన వృత్తినిపుణులను విచారించి, 1973లో వ్యాసముగను 1974లో గ్రంథముగను ప్రకటించెను. వారిలో 56 శాతము మందికి పరిచయస్థుల ద్వారానే పని తెలిసినది. ఆ పరిచయస్థులు దగ్గరివారా యని అడిగినచో, ఆరింట అయిదువంతులమంది తాము అప్పుడప్పుడు మాత్రమే, లేదా అరుదుగ కలిసికొనువారని చెప్పిరి. దగ్గరివారికి తెలిసినది తనకును తెలిసియే యుండును. దూరపు పరిచయస్థుడే తెలియని వార్త తెచ్చును. 2022లో లింక్డ్‌ఇన్ వాడుకరులు రెండు కోట్లమందిపై జరిపిన పరిశోధనయు ఇంచుమించుగ ఈ మాటనే చెప్పినది. ఉగాది పచ్చడి పుచ్చుకొనుచు రైల్వేవారు, ఆడిట్‌వారు, తపాలావారు ఏడాదికొకమారు కలిసికొను ఈ సంఘమువంటివి ఆ విధముగ చూచిన చాల విలువైనవి. వార్త తెలుపుట తప్పు కాదు.

వార్త దాటి పలుకుబడి వరకు పోయినప్పుడు మాత్రము 1964 నాటి సెంట్రల్ సివిల్ సర్వీసెస్ కాండక్ట్ రూల్సులోని 4వ నియమము అడ్డువచ్చును. ప్రభుత్వోద్యోగి తన పదవినిగాని పలుకుబడినిగాని ప్రత్యక్షముగనో పరోక్షముగనో వినియోగించి తన కుటుంబములోనివారికి ఏ కంపెనీలోను ఉద్యోగము సంపాదింపరాదు. గ్రూప్ ఎ అధికారియైనచో, ప్రభుత్వముతో వ్యవహారములు గల కంపెనీలో కుమారుడుగాని కుమార్తెగాని చేరుటకు ముందుగ అనుమతి పొందవలెను. కుటుంబములోనివారు ఒక కంపెనీలో చేరినట్లు తెలిసిన వెంటనే అధికారులకు తెలుపవలెను. ఆ కంపెనీతో తనకు అధికార వ్యవహారము లున్నవో లేవో కూడ వ్రాయవలెను. ఈ రెండవ భాగమును మరచువారే ఎక్కువ. తప్పు చేయవలెనని కాదు, పిల్ల ఉద్యోగమునకు తన ఆఫీసుతో సంబంధమేమని అనుకొందురు. కావున రిక్రూటరుతో మాటలాడవలసినది పిల్లలే. తండ్రి విజిటింగు కార్డు ఆ సంభాషణలోనికి రాకూడదు.

ఇక సొమ్ము సంగతి. అభ్యర్థినుండి ఫీజు పుచ్చుకొనరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒడంబడికలో సాధారణ సూత్రముగ నిర్ణయించినది. దేశములోపలి ఉద్యోగమునకు శిక్షణ డిపాజిట్టనియు, లాప్‌టాప్ డిపాజిట్టనియు, సర్టిఫికెట్ల పరిశీలన ఖర్చనియు సొమ్ము అడిగిన క్షణముననే సంభాషణ ముగింపవలెను. పెద్ద కంపెనీ పేరు, ముద్ర, సంతకము అన్నియు కాగితముపై చక్కగ ముద్రింపవచ్చును. ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులోని చిరునామాకు వ్రాసి అడుగుట ఒక్కటే పరీక్ష.

విదేశములకు పంపు ఏజెంట్ల విషయము వేరు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ప్రకారము వారు రిజిస్టరు అయి యుండవలెను. వారు అభ్యర్థినుండి పుచ్చుకొనదగిన సేవారుసుము గరిష్ఠముగ 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి.; దానికి రసీదు ఈయవలెను. ఏజెంటుకు లైసెన్సున్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూచుకొనవచ్చును. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అను ప్రభుత్వ సంస్థలును ఈ పనిని చేయుచున్నవి. జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫునకు పోయినవారును, గోదావరి, కడప జిల్లాలనుండి ఇంటిపనికి పోయిన స్త్రీలును ఈ నియమములు తెలియక పడిన బాధలకు లెక్కలేదు. పల్లెలో తెలిసినవాడే సబ్ ఏజెంటు. "మామా, అంతా నేను చూసుకుంటాను" అనును. ఆ మామా అను పిలుపే రసీదు అడుగనీయదు.

చదువుకొన్నవారు దీనికి అతీతులని అనుకొనరాదు. ఇటీవలి సంవత్సరములలో కంబోడియా, మియన్మారు దేశములలో డేటా ఎంట్రీ, కస్టమర్ సపోర్టు ఉద్యోగములని చెప్పి కంప్యూటరు తెలిసిన యువకులను తీసికొనిపోయి, పాస్‌పోర్టులు లాగుకొని, సైబర్ మోసములు చేయు శిబిరములలో బంధించిరి. అందులో తెలుగువారును ఉండిరి. మియన్మారు సరిహద్దు శిబిరములనుండి బయటపడిన అయిదువందలకు పైబడిన భారతీయులను 2025 మార్చిలో వాయుసేన విమానములు థాయిలాండులోని మే సోట్ నుండి స్వదేశమునకు చేర్చినవి. ఏ బర్మాకు తాతలు మేస్త్రీ వెంట ఓడలో పోయిరో ఆ బర్మాకే మనుమలు టెలిగ్రామ్‌లో వచ్చిన మాట నమ్మి విమానములో పోయిరి. అప్పుడు బయానా ఇచ్చి తీసికొనిపోయిరి, ఇప్పుడు సొమ్ము పుచ్చుకొని మరీ తీసికొనిపోయిరి.

పదవీ విరమణ చేయనున్నవారికి ఒక్క మాట. అనుభవజ్ఞులైన అధికారులను సలహాదారులుగ కోరు కంపెనీలు కలవు. ఆ రిక్రూటర్లు విరమణకు ముందే ఫోను చేయుదురు. గ్రూప్ ఎ నుండి విరమించినవారు ఒక సంవత్సరము లోపల వాణిజ్య సంస్థలో చేరవలెనన్నచో ప్రభుత్వపు ముందస్తు అనుమతి కావలెనని పెన్షను నియమములు చెప్పుచున్నవి. ఈ సంగతిని రిక్రూటరుకు మొదటి సంభాషణలోనే చెప్పిన మేలు. సర్వీసులో నుండగనే తన బల్లపై ఫైలున్న కంపెనీ మనుష్యులతో ఇట్టి మాటలు జరుపుట మాత్రము ఏ నియమమున్నను లేకున్నను తగదు.

రామకృష్ణపురములోని ఆ యింట కాఫీ చల్లారినది. కుమార్తె తన నోటుపుస్తకము తెచ్చి బల్లపై పెట్టినది.

"బెంగుళూరు నాకు కుదరదని చెప్పేశాను, నాన్నగారూ. అమ్మ ఆపరేషను అయ్యేదాకా ఊరు మారను అన్నాను. నా క్లాస్‌మేటు ఒకమ్మాయి ఉంది, తనని అడిగి పేరు ఇస్తానన్నాను."

"ఆవిడ ఏమంది?"

"హైదరాబాదులోనో ఇక్కడే నోయిడాలోనో ఏదైనా వస్తే ఏప్రిల్ తరువాత చేస్తానంది."

తండ్రి పుస్తకము తిరుగవేసి చూచి, తేదీలు వరుసగ నుండుట గమనించి, "ఆవిడకు ఫీజు ఎవరిస్తారు?" అని అడుగును.

"కంపెనీయే ఇస్తుందండీ."

"సరే. ఎక్కడైనా చేరే ముందు కంపెనీ పూర్తి పేరు ఈ పుస్తకంలో రాసిపెట్టు. నేను ఆఫీసులో ఇంటిమేషన్ ఇవ్వాలి."